వడ్రంగి ఒక్కడే వలసపోతే

మా ఇంట్లో ఒక చిన్న బల్ల ఉంది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు బాపు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి, చదువుకోవడానికని నాకు చేసిచ్చాడు. టేకు చెక్క. ఒక్క మేకు కొట్టలేదు. కాళ్లకు బెజ్జాలు తొలిచి, అడ్డకర్రల కొసలు చెక్కి వాటిలో దిగ్గొట్టాడు. పై పలక కొంచెం వాలుగా ఉంటుంది. పెన్సిల్ దొర్లి పడిపోకుండా కింది అంచున సన్నటి పట్టీ ఒకటి పెట్టాడు. ఆ పట్టీ మూలలను వేలితో తడిమి చూసి, గీరుకుపోతుందేమోనని మళ్లీ నున్నగా చేశాడు. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే బాపు కొయ్య పని చేయడం నేను చూసింది చిన్నప్పుడు ఆ వారం రోజులే.

ఆయన వెళ్లిన తర్వాతి ఎండాకాలంలో పలక పగిలింది. ముందు వెంట్రుకంత గీత, తర్వాత పెన్సిల్ ములుకు దిగేంత సందు. చెక్క పచ్చిది. టింబర్ డిపోలో దొరికిందే కొనుక్కొచ్చి, సెలవు అయిపోకముందే పూర్తి చేయాలని తొందరపడ్డాడు. ఫోన్లో చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మళ్లొచ్చినప్పుడు జూద్దం బిడ్డా" అన్నాడు. రెండేళ్లకు వచ్చాడు. అప్పుడు ఇంటికి స్లాబు వేసే పని పడింది. ఆ తర్వాత వచ్చినప్పుడు అక్క పెళ్లి. పగులు అలాగే ఉండిపోయింది. నేను పదో తరగతి దాకా ఆ పగులు మీద అట్ట పెట్టుకునే రాశాను.

ఇన్నేళ్లకు ఈ బల్ల గురించి రాయాలనిపించడానికి కారణం, పాండిచ్చేరిలో నేను చూసిన ఒక భవనం. దాని వెనక ఉన్న ఒక మనిషి కథ చదివాక, చాలాకాలంగా మనసులో తిరుగుతున్న ఒక మాట తేటపడింది. చేతిపని మనిషి వెంట ఒంటరిగా వలసపోదు. భార్యాపిల్లలతో కలిసి పోతే పని బతుకుతుంది. మనిషి ఒక్కడే పోతే డబ్బు వస్తుంది, పని అక్కడితో ఆగిపోతుంది. దీన్ని మనం ఎవరి తలరాతో అనుకుంటున్నాం గానీ, ఇది మనుషులు రాసుకున్న రూల్స్ వల్ల జరుగుతున్నది.

ఆ భవనం పేరు గోల్కొండ్. శ్రీ అరవిందాశ్రమం వాళ్ల వసతి గృహం. పేరు వినగానే మీకు తట్టింది నిజమే, అది మన గోల్కొండే. దాన్ని కట్టడానికి నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలు ఇచ్చింది. ఆ సాయం వచ్చేలా చూసినవాడు హైదరాబాద్ సంస్థానంలో పెద్ద పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ. ఆ కృతజ్ఞతతోనే మన వజ్రాల గోల్కొండ పేరును ఫ్రెంచి పలుకుబడిలో పెట్టారు. బయటి గోడల నిండా తెరుచుకుని మూసుకునే పొడుగాటి కాంక్రీటు పలకలు ఉంటాయి. వాటిలోంచి గాలి వస్తుంది, ఎండ రాదు. నేను వీధిలో నిలబడి చూసినంతసేపూ అది 1930లలో మొదలుపెట్టిన కట్టడం అంటే నమ్మబుద్ధి కాలేదు.

దాని నక్షా వేసింది చెక్ దేశంలో పుట్టి అమెరికాకు, అక్కణ్నుంచి జపాన్‌కు వెళ్లిన ఆంటొనిన్ రేమండ్. ఆయన ఆఫీసు తరఫున 1937లో పాండిచ్చేరికి వచ్చి పని దగ్గరుండి చూసుకున్నవాడు జార్జ్ నకషిమా. అప్పటికి ముప్పై దాటిన వయసు. 1905లో అమెరికాలోని స్పోకేన్‌లో, జపాన్ నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టాడు. ఎం.ఐ.టి.లో ఆర్కిటెక్చర్ చదివి, పారిస్, టోక్యో తిరిగి ఇక్కడికి చేరాడు. ఆశ్రమంలో ఉంటూ ఉంటూ జీతం వద్దన్నాడు. శిష్యుడై సుందరానంద అనే పేరు తీసుకున్నాడు. ఆయన మొదట కుర్చీలు, మంచాల డిజైన్లు వేసింది ఈ గోల్కొండ్ గదుల కోసమే. తర్వాత అమెరికాలోనే ఎంతో పేరున్న ఫర్నిచర్ తయారీదారు అయిన మనిషి తొలి అడుగు, హైదరాబాద్ డబ్బుతో మొదలైన భవనంలో పడింది. ఈ సంగతి మన దగ్గర ఎంతమందికి తెలుసో నాకు సందేహమే.

1939లో ఆయన ఇండియా నుంచి బయల్దేరి, చివరికి అమెరికా చేరాడు. 1941లో మేరియన్‌ను పెళ్లి చేసుకున్నాడు. సియాటిల్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. 1942 మొదట్లో కూతురు మిరా పుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, అమెరికా అధ్యక్షుడు 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. జపాన్‌తో యుద్ధం నడుస్తున్నది కాబట్టి పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ మూలాల వాళ్లందరినీ ఇళ్ల నుంచి కదిలించి శిబిరాల్లో పెట్టారు. మొత్తం సుమారు 1,20,000 మంది. అందులో మూడింట రెండు వంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. నకషిమా, మేరియన్, నెలల పసిపాప మిరా ఐడహోలోని మినిడోకా శిబిరానికి చేరారు. తారు కాగితం చుట్టిన చెక్క షెడ్లు, దుమ్ము, చుట్టూ ఎడారి.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. ఆయన అమెరికాలో పుట్టినవాడు కదా, వలసదారు ఎలా అవుతాడు? నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ వలసదారు ఎవరో తేల్చేది పుట్టిన ఊరు కాదు, ఆ దేశం నిన్ను చూసే చూపు. ఆయన తల్లిదండ్రుల తరానికి 1952 దాకా పౌరసత్వం తీసుకునే హక్కే లేదు. మన భారతీయుల సంగతీ అంతే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు మనవాళ్లకు ఆ తలుపు మూసేసింది. అది మళ్లీ తెరుచుకుంది 1946లో. ఈరోజు అమెరికాలో పిల్లల్ని కంటున్న మన తెలుగువాళ్లు ఈ చరిత్ర ఒకసారి చదువుకుంటే మంచిది. పాస్‌పోర్టు చేతిలో ఉన్నా సంచీ సర్దుకోమన్న రోజు ఒకటి ఆ దేశంలో వచ్చింది.

మినిడోకాలో నకషిమాకు గెంటారో హికోగావా అనే వడ్రంగి పరిచయమయ్యాడు. జపాన్ సంప్రదాయ పద్ధతిలో పని నేర్చిన మనిషి. పెద్ద చదువు చదివిన ఆర్కిటెక్టు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. మిగిలిపోయిన చెక్క ముక్కలతోనూ, ఎడారిలో దొరికిన పొదల కొయ్యతోనూ ఇద్దరూ కలిసి ఆ షెడ్లను మనుషులు ఉండగలిగేలా చేయడానికి ప్రయత్నించారు. ఉలి ఎలా పట్టాలి, రంపం ఎలా లాగాలి, అతుకు ఎంత బిగువుగా ఉండాలి, ఇవన్నీ నకషిమా చేతికి ఎక్కింది ఎక్కువగా అక్కడే. ఈరోజు నకషిమా కుర్చీలు మ్యూజియాల్లో ఉన్నాయి. హికోగావా పేరు మాత్రం నకషిమా గురించి రాసేటప్పుడు ఒక వాక్యంలో వచ్చిపోతుంది. నాకు ఇది బాధగా ఉంటుంది. మా తాత పక్కన కూర్చుని ఎవరైనా ఆర్కిటెక్టు పని నేర్చుకుని ఉంటే, అప్పుడు మా తాత పేరు కూడా ఒక వాక్యంలో మిగిలేదేమో.

1943లో పాత యజమాని రేమండ్ పూచీ ఉండి ఆ కుటుంబాన్ని శిబిరం నుంచి విడిపించాడు. పెన్సిల్వేనియాలో న్యూ హోప్ అనే ఊరి దగ్గర ఆయనకు పొలం ఉంది. అక్కడ నకషిమా మొదట చేసింది కోళ్ల పని. తర్వాత మెల్లగా కొంత నేల సంపాదించుకుని, ముందు వర్క్‌షాపు, ఆ తర్వాత ఇల్లు, తన చేతులతోనే కట్టుకున్నాడు. రెండూ ఒకే జాగాలో, నడిచి వెళ్లేంత దూరంలో. నేను చెప్పాలనుకుంటున్నదానికి ఈ సంగతి చాలా ముఖ్యం. భార్య మేరియన్ ఆర్డర్లు, లెక్కలు, వచ్చిపోయే గిరాకీలు అన్నీ చూసుకునేది. కూతురు మిరా, తర్వాత పుట్టిన కొడుకు కెవిన్, ఆ చెక్క పొట్టు వాసనలోనే పెరిగారు.

ఆయన పని తీరు ఏమిటంటే, చెట్టును ముక్కలుగా కాదు, మొద్దుగానే కొనేవాడు. ఎక్కడ రంపం పెడితే లోపలి చార ఎలా తేలుతుందో దగ్గరుండి కోయించేవాడు. ఆ పలకలను ఆరబెట్టి ఉంచేవాడు. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు ఒక లెక్క చెబుతారు. పలక అంచును గీత గీసినట్టు కోయకుండా, చెట్టు బెరడు కింద ఎలా వంపు తిరిగిందో అలాగే వదిలేసేవాడు. పగులు ఉంటే పారేసేవాడు కాదు. గట్టి కొయ్యతో సీతాకోకచిలుక ఆకారంలో ముక్క చెక్కి, పగులుకు అడ్డంగా, పలకలో దిగేలా బిగించేవాడు. అది ఇంక విచ్చుకోదు. పగులూ కనిపిస్తుంది, దాన్ని పట్టి ఉంచిన ముక్కా కనిపిస్తుంది. ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నా బల్ల గుర్తొచ్చి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

నెల్సన్ రాక్‌ఫెల్లర్ 1973లో ఆయన దగ్గర తన ఇంటికి 200కు పైగా వస్తువులు చేయించుకున్నాడు. ఇలాంటివి ఇంకా చాలా చెప్పొచ్చు. నాకు వాటికంటే పెద్ద విషయంగా కనిపించేది, మిరా ఆర్కిటెక్చర్ చదువుకుని 1970లో తండ్రి పక్కన పనికి చేరడం. 1990లో ఆయన పోయాక ఆ వర్క్‌షాపు ఆగలేదు, ఆమె నడిపింది. ప్రపంచంలో ఒక్కో ఖండానికి ఒక్కో పెద్ద శాంతి బల్ల చేయాలని ఆయనకు కోరిక ఉండేది. మొదటిది 1986లో న్యూయార్క్ చర్చిలో పెట్టారు. ఆసియా కోసం చేసింది ఆయన పోయిన తర్వాత, 1996లో, పాండిచ్చేరి పక్కన ఆరోవిల్‌కు చేరింది. తండ్రి మొదటి డిజైన్లు వేసిన చోటి పక్కకే కూతురి చేతుల మీదుగా బల్ల వచ్చింది. శిబిరానికి తండ్రిని ఒక్కడినే తీసుకుపోయి, పొలం పనికీ ఒక్కడినే పంపించి ఉంటే, ఆ బల్ల ఉండేదా?

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది జగిత్యాల వైపు ఊరు, వడ్లోళ్ల ఇల్లు. తాత నాగళ్లు, గుంటకలు, ఎడ్లబండ్లు, దర్వాజలు చేసేవాడు. పంట వచ్చినప్పుడు కల్లం దగ్గర రైతులు గింజలు కొలిచి ఇచ్చేవారు. బాపుకు ఎవరూ పాఠం చెప్పలేదు. తాత బాడిశతో చెక్కుతుంటే పక్కన కూర్చుని, చెక్క పట్టుకోమంటే పట్టుకుని, రంపం రెండో కొస లాగమంటే లాగి నేర్చుకున్నాడు. తుమ్మ ఎక్కడ వాడాలి, టేకు ఎక్కడ వాడాలి, చార ఎదురుగా చిత్రిక పడితే ఎలా చీలిపోతుంది, ఇవన్నీ చేతికి తెలిసిన సంగతులు.

ట్రాక్టర్లు వచ్చాక నాగలి అడిగేవాళ్లు లేరు. బండ్లకు టైర్లు వచ్చాయి, కుర్చీలు ప్లాస్టిక్‌వి వచ్చాయి. బోర్లు ఎండి, అప్పులై, ఊళ్లో సగం మంది మగవాళ్లు గల్ఫ్ పోతున్న కాలం. బాపు కూడా పోయాడు. సోఫాలు, డైనింగ్ టేబుళ్లు చేసే షాపులో పని అని ఏజెంటు చెప్పాడు. వీసా కాగితం మీద కార్పెంటర్ అని ఉంది. అక్కడికి పోయాక తెలిసింది, అది షట్టరింగ్ కార్పెంటర్ పని అని.

షట్టరింగ్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. స్లాబు, పిల్లరు పోయడానికి ముందు ప్లైవుడ్‌తో, చెక్కతో డబ్బాలాగా కడతారు. అందులో కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక ఆ చెక్కలన్నీ ఊడదీస్తారు. అంటే బాపు చేసిన పని ఏదైనా కొద్ది రోజులకు ఊడదీయడానికే చేసినది. అది కష్టమైన పని, నైపుణ్యం ఉన్న పని, తేడా వస్తే మనుషుల ప్రాణాలు పోతాయి. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లో వడ్రంగిగా పనిచేసిన మనిషిని "నువ్వు చేసిన వస్తువు అక్కడ ఎక్కడుంది బాపూ?" అని ఒకసారి అడిగితే, ఆయన ఆలోచించి ఆలోచించి, క్యాంపు రూములో చెప్పులు పెట్టుకునే స్టాండు ఒకటి చేశానని చెప్పాడు.

అమ్మనూ, మమ్మల్నీ అక్కడికి తీసుకుపోయే దారి లేదు. ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఇవ్వాలి. ఎండలో పనిచేసే వడ్రంగికి అంత ఎక్కడిది? ఇంజనీరు భార్యాపిల్లలతో ఉంటాడు. ఆ ఇంజనీరు వేసిన గీతను నిలబెట్టే వడ్రంగి ఒక గదిలో ఎనిమిది మందితో, అంతస్తుల మంచం మీద పడుకుంటాడు. ఈ రూలు రాసినవాళ్లు దీన్ని జీతం లెక్క అనుకున్నారు. అసలు జరిగింది మాత్రం తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే వయసును ఆ దేశం కొనేసుకోవడం. దానికి మాకెవరూ ఓవర్‌టైమ్ కట్టివ్వలేదు.

దీనికి ఎదురు మాట నాకు తెలుసు. మా చిన్నాన్నే అంటాడు, "మీ బాపు పోవట్టే నువ్వు ఇంజనీరింగ్ చదివినవ్, ఇల్లు కట్టిండ్రు, అక్క పెళ్లి జేసిండ్రు, ఇంకేం గావాలె?" అని. నిజమే. ఆ డబ్బు లేకపోతే మేం ఎక్కడ ఉండేవాళ్లమో నాకు తెలుసు. నేను బాపు పోవడం తప్పు అనడం లేదు. పోవడానికి, పిల్లల దగ్గర ఉండడానికి మధ్య ఒకటే ఎంచుకోమని ఆయన మెడ మీద కత్తి పెట్టారే, అది తప్పు అంటున్నాను.

ఇంకో మాట దీనికంటే బరువైనది. వడ్రంగి కొడుకు వడ్రంగే కావాలా? కులవృత్తిని మళ్లీ నెత్తిన పెడతావా? ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు గౌరవం, ఎందుకంటే బళ్లో నన్ను పేరు పెట్టి కాకుండా "వడ్లోడా" అని పిలిచిన టీచర్లు ఉన్నారు. కాదు, కావద్దు. నకషిమా తండ్రి వడ్రంగి కాడు. మిరా ఆర్కిటెక్టు అయ్యాకే తండ్రి దగ్గరికి వచ్చింది, ఇష్టమై వచ్చింది. ఒద్దనుకుంటే ఇంకో పని చేసుకునేది. నేను అడుగుతున్నది ఆ ఇష్టం గురించే. నేను ఉలిని వద్దనుకోలేదు. ఉలి నా దాకా రానే లేదు. వద్దనుకోవడానికి కూడా ముందు చేతిలోకి రావాలి కదా.

కుటుంబాలతో కదిలితే పని ఎలా బతుకుతుందో చూడడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియుల పూర్వీకులు నాలుగు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. వాళ్లూ వలస వచ్చినవాళ్లే. ఇళ్లతో, ఆడవాళ్లతో, పిల్లలతో వచ్చి ఊరు కట్టుకున్నారు. ఇక్కడి తెల్ల పొనికి కర్ర పట్టుకున్నారు, ఇక్కడి ఎడ్లబండినీ దశావతారాలనూ అంబారీ ఏనుగునూ చెక్కారు. తండ్రి చెక్కితే ఇంట్లో ఆడవాళ్లు రంగులు వేస్తారు, పక్కన పిల్లలు ఉంటారు. ఆ వలసను ఇప్పుడు మనం తెలుగువాళ్ల గొప్ప కళ అని చెప్పుకుంటున్నాం. అదే రాజస్థాన్ నుంచి ఈరోజు హైదరాబాద్‌కు వచ్చి మన ఫ్లాట్లలో కప్‌బోర్డులు, మాడ్యులర్ కిచెన్లు చేస్తున్న వడ్రంగులను చూడండి. చాలామంది పని జరుగుతున్న ఫ్లాట్‌లోనే, ప్లైవుడ్ షీట్ల మధ్య వండుకుని పడుకుంటారు. రాత్రిపూట పిల్లలతో వీడియో కాల్. మా ఫ్లాట్‌లో పనిచేసిన అతను ఫోను అల్మరాకు ఆనించి పెట్టి, రందా పడుతూనే కూతురితో మాట్లాడేవాడు. ఆ పిల్ల తండ్రి పనిని చూస్తున్నది ఆ నాలుగంగుళాల తెరలోనే.

2023లో కేంద్రం పీఎం విశ్వకర్మ అని పథకం పెట్టింది. 18 చేతివృత్తులకు, అందులో వడ్రంగం ఉంది, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. మంచిదే, తీసుకోవాలి. అయితే మా బాపు దగ్గర పనిముట్లు ఎప్పుడూ ఉన్నాయి. తాత ఉలులు గోనెసంచిలో చుట్టి అటక మీద పద్దెనిమిదేళ్లు ఉన్నాయి. లేనిది వాటి పక్కన కూర్చునే సమయం. గల్ఫ్ దేశాలతో మన ప్రభుత్వం ఒప్పందాలు చేసుకునేటప్పుడు జీతం, ఇన్సూరెన్స్ గురించి మాట్లాడినట్టే, చేతిపనివాళ్లు కుటుంబాన్ని తెచ్చుకునే హక్కు గురించి కూడా పట్టుబట్టాలి. కనీసం వేసవి సెలవుల్లో పిల్లలు వచ్చి రెండు నెలలు ఉండగలిగేలా అయినా చేయాలి. ఫర్నిచర్ పని అని చెప్పి షట్టరింగ్‌లో వేసే ఏజెంటు మీద మోసం కేసు పెట్టాలి. కాగితం మీద రెండూ కార్పెంటరే అని తప్పించుకోనివ్వకూడదు. ఇవి చేయలేనంత కష్టమైనవి కావు. అడిగేవాళ్లు లేకనే ఆగిపోయాయి.

బాపు ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. మోకాళ్లు పట్టేశాయి, ఎక్కువసేపు కింద కూర్చోలేడు. పోయిన దసరాకు వెళ్లినప్పుడు ఫోన్లో నకషిమా ఫోటోలు చూపించాను. కుర్చీలు చూసి "మంచిగున్నయ్" అని తోసేశాడు. సీతాకోకచిలుక ముక్క ఉన్న బల్ల దగ్గర ఆగాడు. రెండు వేళ్లతో పెద్దది చేసి, పగులు వెంట ఇటు నుంచి అటు జరుపుకుంటూ చూశాడు.

"పగులు దాయలే" అన్నాడు.

"అవును బాపూ."

"కట్టెను ఎన్నేండ్లు ఆరవెట్టిండు?"

చెప్పాను. తల ఊపాడు. తర్వాతి ఫోటోలో నకషిమా పక్కన మిరా ఉంది, ఇద్దరూ ఒక పలక మీదికి వంగి చూస్తున్నారు.

"ఈమె ఎవరు?"

"ఆయన బిడ్డ."

"పని నేర్పిండా?"

"నేర్పిండు."

ఫోను నా చేతికి ఇచ్చేశాడు. అమ్మ అన్నానికి పిలిచింది. చేతులు కడుక్కుంటూ, నా వైపు తిరగకుండానే అన్నాడు, "రేపు పొద్దుగాల నీ బల్ల బయిటికి తీయి. అటక మీది సంచి గూడ దించు. తుమ్మ ముక్క ఒకటి ఉండాలె ఆండ్ల, బాగ ఆరింది."